అట్ట వెనక గవర్నరు

పాతకాలపు బ్రిటిష్ గవర్నరు ఒకరి ఉద్యోగ జీవితాన్ని చార్టు మీద చూపించమని మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఆ వారం నాకు కాలు నిలవడం లేదు. మెల్‌బోర్న్‌లో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చింది, శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. అక్కడి పాయింట్ కుక్‌లో అద్దె ఇళ్ళు కూడా చూడటం మొదలుపెట్టాను. ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మాయికి చెప్పే ధైర్యం రాలేదు. పదకొండేళ్ళకే అది నాలుగో స్కూల్లో ఉంది. సిడ్నీలో ఈ రౌస్ హిల్‌కి వచ్చాకే మొదటిసారి ఒక స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది.

మనసు మళ్ళించుకోవడానికి ప్రాజెక్టు మీద పడ్డాను. పిల్లల పని లాక్కుని చేసే జబ్బు మా వాళ్ళందరికీ ఉంది, నాకు కాస్త ఎక్కువ. ఆ దొర మొదట మద్రాసులో చిన్న సైనికాధికారి, తర్వాత ఏదో దీవిలో పెద్ద అధికారి, ఆ తర్వాత సిడ్నీలో గవర్నరు, చివరికి కెనడా. ఎక్కడా అయిదేళ్ళు నిండలేదు. నేను దాన్ని అచ్చం నా రెజ్యూమెలా రాసిపెట్టాను. ఇక్కడి ఆదివాసుల నేలని వలస వచ్చినవాళ్ళకి పంచిపెట్టడం కూడా 'సాధించినవి' కిందే వేశాను. అమ్మాయి ఆ ముక్క కొట్టేసింది.

చార్టుకి అట్ట కోసం గరాజ్‌లోకి వెళ్ళింది. ఇల్లు మారినప్పుడల్లా మేం అట్టపెట్టెలు పారెయ్యం. మళ్ళీ ఎప్పుడు అవసరపడతాయోనని విప్పి, మడిచి, గోడకి ఆనించి ఉంచుతాం. అందులో ఒకటి తెచ్చి దొరగారి ఊళ్ళన్నీ బాణం గుర్తులతో వేసింది. పనయ్యాక అట్ట తిప్పి చూస్తే వెనక నా చేతిరాత. 'వంటసామాను' అని, దాని కింద మేమున్న ఊళ్ళు. మూడు కొట్టేసి ఉన్నాయి, రౌస్ హిల్ ఒక్కటే మిగిలింది.

దొరకి పిల్లలున్నారా అని ఇంగ్లీషులో అడిగింది. ఉన్నారు గానీ వాళ్ళ గురించి ఎక్కడా పెద్దగా రాయలేదన్నాను. అయినా చార్టుకి వాళ్ళతో పనేమిటని విసుక్కున్నాను. అది మార్కరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏం మాట్లాడినా ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, ఆ ఒక్కసారి తెలుగులో అడిగింది.

"రౌస్ హిల్ కూడా కొట్టేస్తావా నాన్నా?"

నా ఫోన్‌లో పాయింట్ కుక్ ఇళ్ళు చూసేసినట్టుంది. చాలా సిగ్గేసింది.

శుక్రవారం మెల్‌బోర్న్ వాళ్ళకి రాలేనని చెప్పేశాను. శనివారం అట్టపెట్టెలన్నీ చింపి రీసైక్లింగ్‌కి పెట్టే పసుపు మూత బిన్‌లో కుక్కుతుంటే అమ్మాయి పక్కనే నిలబడి చూసింది.

"ఇంకా రెండు ఉండాలి," అంది.

నేను వెళ్ళి, ఆ రెండూ దాచిన కారు డిక్కీ తెరిచాను.