నీళ్లెక్కడికి పోతాయి బాబా?

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. తణుకు దగ్గర రోజూ పడవలో కాలువ దాటి బడికెళ్లిన దాన్ని కనక, పడవల సంగతైతే మరీనూ. ఒమాన్‌లో సూర్ అనే ఓడరేవు ఊళ్లో నర్సుగా చేరి నాలుగు రోజులైంది. ఆవేళ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. (“మొదటి నెలలో ఒక్కసారి ఆలస్యమైనా ఇంటికి పంపించేస్తాను” అని ఇన్‌ఛార్జి సిస్టరు ముందే చెప్పింది. ఇంటి దగ్గర నా జీతం కోసం నలుగురు కూర్చున్నారు.) అయినా పెద్దక్క, అంటే మా రూములో సీనియరు, ఊరు చూద్దామంటే రూమ్మేట్‌తో పాటు నేనూ పడవెక్కేశాను.

అక్కడ సముద్రపు పాయ ఊళ్లోకి చొచ్చుకొస్తుంది. పడవ నడిపే ఒమానీ ముసలాయన బొంబాయి తిరిగిన మనిషి, హిందీ బాగా వచ్చు. ఆసుపత్రి అలవాటు కొద్దీ ఆయన్ని బాబా అన్నాం. కావలి బురుజులూ లైట్‌హౌసూ చూపించి, చెక్క ఓడలు కట్టే చోటికి తీసుకెళ్లాడు. కాగితం మీద గీత గీయకుండా, మన దేశపు టేకుతో, కంటి కొలతతో కడతారట. ఆయనా కుర్రతనంలో అక్కడే పనిచేశాడట. పడవలోంచే ఆ సగం కట్టిన ఓడను చూస్తూ నోళ్లు తెరిచేశాం.

“ఇక వెళ్దాం, ఆటు మొదలైంది, నీళ్లు తీస్తున్నాయి” అన్నాడు బాబా.

“ఉండండి బాబా, నీళ్లెక్కడికి పోతాయి?” అన్నాను. మా కాలువలో లాకులు మూస్తే తప్ప నీళ్లు తగ్గవు మరి!

తిరుగు దారిలో పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. పన్నెండున్నర దాటింది. బాబా నీళ్లలోకి దిగి, ఏదో చెప్పబోయాడు. అప్పటికే పెద్దక్క “ముందు ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకోండే” అనేసింది. మా క్రైస్తవుల్లో ప్రార్థనంటే ఒకరి తర్వాత ఒకరు చెయ్యాల్సిందే. ఆవిడయ్యాక రూమ్మేటు, ఆఖరున నేను. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, పెద్దక్క మెచ్చుకోవాలన్న ఆశ ఒకటి. రోగుల కోసం, ఇన్‌ఛార్జి మనసు కోసం, సూర్‌లో ఉన్న ఓడలన్నిటి కోసం వేడుకుని, “ఎర్ర సముద్రాన్ని ఆరబెట్టిన దేవా, మమ్మల్ని ఒడ్డుకు చేర్చు” అని ముగించాను.

కళ్లు తెరిస్తే చుట్టూ చుక్క నీరు లేదు. పడవ ఓ పక్కకు ఒరిగి బురదలో కూర్చుంది. బాబా మోకాళ్ల లోతు బురదలో చేతులు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.

“నీళ్లుండగా పిలవొచ్చుగా బాబా!” అంది పెద్దక్క ఏడుపు గొంతుతో.

“దువా కే బీచ్ మే కైసే బులావూఁ, బేటీ?” అన్నాడాయన నెమ్మదిగా. ప్రార్థనలో ఉన్నవాళ్లని ఎలా పిలుస్తానని. మేం దిగి ఒక్క తోపు తోసుంటే అప్పుడే కదిలేదట.

చెప్పులు బురదకు వదిలేసి, బాబా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేరేసరికి ఒకటిన్నర. టాక్సీలో డ్రైవరు తిట్లు తింటూ, రెండుకు రెండు నిమిషాల ముందు వార్డు గుమ్మంలో పడ్డాను. ఇన్‌ఛార్జి గడియారం చూసింది, నా కాళ్లు చూసింది. “కడుక్కుని రా” అంది, అంతే.

ఇప్పుడు నా ప్రార్థన రెండు నిమిషాల్లో అయిపోతుంది, అదీ ఒక కన్ను ఫోను మీద పెట్టి. అంత గట్టిగా కళ్లు మూసుకున్న ఆనాటి ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. నా ఆమేన్ కోసం ఒక మనిషి అలా నిలబడి ఎదురుచూడడం నా జన్మలో ఆ ఒక్కసారే జరిగింది.