పర్మిట్ లేని కోలాటం

నా నౌకరి ఊడిపోయే దాకా వచ్చిన కథ ఇది. లంచం తిని కాదు, పని ఎగ్గొట్టి కాదు, పని మరీ ఎక్కువ చేసి. నవ్వుకోండి, నేనేం అనుకోను. అప్పట్లో ఆదిలాబాద్ అంతా నవ్వేసింది, మీ నవ్వొక లెక్కా?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో అక్కడ ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బయటి దేశాల వాళ్ళ పాస్‌పోర్టులూ వీసాలూ చూసే బల్ల నాది. అలాంటి వాళ్ళు ఎప్పుడో గానీ రారు కాబట్టి ఆ బల్ల మీద నేను ఎక్కువగా సద్ది తినేవాణ్ణి. నౌకరి ఇంకా పర్మనెంట్ కాలేదు. కరీంనగర్ పక్క పల్లెలో మగ్గం నేసి నన్ను చదివించాడు మా బాపు. నౌకరి ఖాయమైతే కొండగట్టుకు నడిచి వస్తానని నన్ను కన్న మా అవ్వ అంజన్నకు మొక్కుకుంది. ఆమె మోకాళ్ళు బాగుండగానే ఖాయం కావాలని నా తొందర.

అంతలో పీటర్ అనే తెల్లాయన కెమెరా వేసుకుని దిగాడు. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో దండారి ఆటలు ఫిల్మ్ తీస్తాడట. ఆయన పర్మిట్‌లో ఉన్నది ఒక్కటే షరతు: ఫిల్మ్ తీసుకోవచ్చు, తాను మాత్రం ఆటపాటలు ప్రదర్శించి ప్రతిఫలం పుచ్చుకోకూడదు.

మా పెద్దసారు నన్ను పిలిచాడు. "నువ్వు ఆయనెంబడి పో. ఏం జరగకుంట చూస్కో."

"ఏం జరగకుంట అంటే ఏంది సార్?"

"ఏం జరగకుంట అంటే ఏం జరగకుంటనే."

ఈ ముక్క పట్టుకుని బయలుదేరాను. దారి పొడుగునా ఆ షరతును నెమరేస్తూనే ఉన్నాను.

దీపావళి రోజులు. పక్క గూడెం దండారి బృందం చుట్టాలై వచ్చింది. నెమలీకల టోపీలతో ఆడే గుస్సాడీలు, డప్పులు, కోలలు, చూడ్డానికి రెండు కళ్ళు చాలలేదు. పీటర్ తీస్తూనే ఉన్నాడు. నాకేమో చేయడానికి పనేమీ లేదు. అసలు తంటా అక్కడే వచ్చింది.

మధ్యాహ్నం ఆ ఊరి పటేల్ వచ్చి పీటర్ చేతిలో రెండు కోలలు పెట్టాడు. చుట్టమై వచ్చినవాడు ఒక్క చుట్టైనా ఆడాలి, ఆడినవాడికి రుమాలు చుట్టి కొబ్బరికాయ ఇవ్వాలి. అది వాళ్ళ మర్యాద. పీటర్ కాళ్ళకు తాడు చుట్టుకున్న కోడిలా ఎగిరాడు. ఊరు మురిసిపోయింది. నాకు మాత్రం పర్మిట్‌లోని షరతు గుర్తొచ్చింది. ఆట, దానికి ప్రతిఫలం. రెండూ నా కళ్ళ ముందే. నా పర్మనెంట్ నౌకరి కొబ్బరికాయ రూపంలో చేయి దాటిపోతోంది.

నడిమధ్యకు వెళ్ళి చెయ్యెత్తాను. డప్పులు ఆగిపోయాయి.

"ఆయన ఆడొద్దు పటేలా. పర్మిట్ లేదు."

"ఆడనీకి పర్మిట్ ఏంది?"

"బయటి దేశపోడు ఈడ ఆడి ఏమన్న తీసుకుంటే అది నౌకరి కిందికొస్తది. గా కొబ్బరికాయ కూలి లెక్క."

పటేల్ నా వైపు తిరిగాడు. "మరి పొద్దుగాల మా ఇంట్ల జొన్నరొట్టె తిన్నవు. అదేం కూలి?"

"అది... చుట్టరికం."

"ఆయనది గూడ చుట్టరికమే. సరే, ఆపిన ఆట అట్లనే ఇడిచిపెడితే మాకు మంచిది కాదు. ఆపినోడే మొదలువెట్టాలె. నీకు పర్మిట్ అక్కరలేదు గద?"

"నాకెందుకు? నేను ఈ దేశపోణ్ణే."

గర్వంగా అన్నానండి ఆ మాట. కోలలు అందుకుని ఆడాను. నిజం చెప్పొద్దూ, భలే సంతోషమేసింది. ఒక్క చుట్టు అనుకున్నది పొద్దు గుంకే దాకా సాగింది. రుమాలు చుట్టారు, కొబ్బరికాయ ఇచ్చారు. పీటర్ హాయిగా కెమెరా వెనక్కి పోయాడు.

కొన్ని నెలలకు ఆ ఫిల్మ్ ఆదిలాబాద్ పట్నంలోనే చూపించారు. ముందు వరసలో పెద్దసారు. తెర మీద గుస్సాడీలు రెండు నిమిషాలు కనిపించారేమో, తర్వాతంతా నేనే. నెత్తిన రుమాలు, చొక్కా జేబులో సర్కారు పెన్ను, కెమెరా వైపు పళ్ళికిలింపు.

మర్నాడు పిలుపు వచ్చింది.

"గా ఫిల్ముల ఎగిరింది నువ్వేనా?"

"నేనే సార్."

"పర్మిషన్ తీసుకున్నవా?"

"నాకెందుకు సార్, నేను ఈ దేశపోణ్ణే."

"సర్కారు నౌకరోడు ఫిల్ముల ఆడాల్నంటే ముందుగాల ఆఫీసు పర్మిషన్ కావాలె. గది ఎరికలేదా? ఏమన్న ముట్టిందా?"

"రుమాలు సార్. ఒక కొబ్బరికాయ."

"ఏడున్నది గా కొబ్బరికాయ?"

"అంజన్నకు కొట్టుమని మా అవ్వకిచ్చిన సార్."

"ఎందుకు?"

"నా నౌకరి పర్మనెంట్ కావాలని."

పెద్దసారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫైలు చాలాసేపు ఊగింది. చివరికి దాని వెనక నుంచి గొంతు వచ్చింది: "తెల్లాయనకియ్యబోయిన కాయ కూలి అని నువ్వే రిపోర్టుల రాసినవు, మరి నీకిచ్చిన కాయ ఏంది?"

"చుట్టరికం సార్."

నౌకరి ఖాయమైంది, కాకపోతే ఏడాది ఆలస్యంగా. మా అవ్వ కొండగట్టుకు నడిచే వెళ్ళింది. "ఇంకో ఏడు మోకాళ్ళు నిలవెట్టిచ్చినవు బిడ్డా" అని నన్ను మెచ్చుకుంది కూడా.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఏ దేశపు మనిషి ఏ ఊళ్ళో ఆడినా ఆపను. ఖర్మకాలి ఆపినా, ఆయన బదులు నేను ఆడను. తప్పక ఆడాల్సి వస్తే కెమెరా వైపు నవ్వను. కొబ్బరికాయ మాత్రం ఎవరిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకుంటాను.