వదులుగా ఒత్తిన బిళ్ళలు

కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. పంజా అనే ఇనుప దువ్వెనతో పోగుల మీద ఎంత గట్టిగా దెబ్బకొడితే అంత మంచి నేత. నేసినదాన్ని బాపు, అంటే మా నాన్న, వెలుతురుకు పట్టి చూసేవాడు. ఎక్కడైనా చుక్కంత వెలుగు కనిపించిందా, ఇక ఆ రోజంతా మొహం మాడ్చుకునే తిరిగేవాడు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని కనుక గట్టితనమే పనితనమని నాకు వంటబట్టింది. దానివల్లే ఎనభైల మొదట్లో ఇంజనీరింగ్ కాలేజీలో నా పరిశోధన కొంప మునిగేదాకా వచ్చింది.

నా పని గాలి పీల్చే లోహం తయారుచేయడం. టీవీ గొట్టంలాంటిదాన్లోంచి గాలంతా తోడేసి మూసినా, లోపలి గోడల నుంచి వాయువులు కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటాయి. వాటిని పీల్చుకోవడానికి లోపలే ఒక లోహపు ముక్క పెడతారు. గెట్టర్ అంటారు దాన్ని. జిర్కోనియంలో వేరే లోహాలు కలిపి, పొడి చేసి, చేతి ప్రెస్సులో బిళ్ళలుగా ఒత్తాలి. అవి మామూలు వాటికంటే ఎక్కువ పీల్చాలి. ఏడాదిన్నర పాటు పాళ్ళు మార్చి మార్చి చూశాను. బిళ్ళలు అద్దంలా మెరిసేవి, కాస్త పీల్చి మొరాయించేవి.

మా సారు కోపిష్టి కాదు కానీ మొహమాటం లేని మనిషి. “వచ్చే నెల కమిటీ ముందు ఒక్క మంచి రీడింగైనా పెట్టకపోతే నీ సీటు నేను నిలబెట్టలేనమ్మా” అని చెప్పేశారు. సీటు పోతే హసన్‌పర్తిలో ఏదో బడిలో సైన్సు చెప్పుకోవాలి. అదేమీ తక్కువ పని కాదు. కానీ నాకు ఆ ల్యాబే కావాలి. అక్కడ గాలి తోడే పంపు చప్పుడు వినకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

ఆ ఆదివారం మగ్గం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చుంటే బాపు పని ఆపాడు.

“ఏమైంది బిడ్డా?”

సంచిలోంచి పనికిరాని బిళ్ళ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. “ఇది గాలి పీల్చాలె బాపూ. పీలుస్తలేదు.”

అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశాడు. “మస్తు గట్టిగ చేసినవ్.”

“నీ బిడ్డను గద.”

“అందుకే పీలుస్తలేదేమో. ఇది జంపఖానా లెక్కున్నది. తువాలను ఎవడన్న ఇట్ల దెబ్బకొట్టి నేస్తడా? పోగుకు పోగుకు నడుమ జర సందుంటేనే తడి లోపలికి పోతది.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల సందులు ఎన్ని ఉంటే అంత పీల్చుకుంటుందని పుస్తకాల్లో చదివినదాన్నే, పరీక్షల్లో రాసినదాన్నే. ప్రెస్సు దగ్గర మాత్రం నా చేతులు పంజా పట్టిన ఇంటి చేతులు. పిడిని వాటంతటవే చివరిదాకా లాగేసేవి.

మర్నాటి నుంచి పొడిని నిలబడేంతవరకే ఒత్తాను. మొదటి మూడూ పొడిపొడి అయిపోయాయి. నాలుగోది నిలిచింది. దాన్ని గాలి తోడే గొట్టం లోపల పెట్టి, వేడిచేసి, చల్లార్చి, పంపు దారి మూసేశాను. పాత బిళ్ళలతో అయితే లోపలి ఒత్తిడి చూపే ముల్లు కాసేపట్లోనే పైకి లేచేది. ఈసారి కిందికి దిగింది, దిగి అక్కడే ఉంది. సారు గంటసేపు టీకి కూడా వెళ్ళకుండా చూశారు.

“ఈ ఆలోచన ఎలా వచ్చింది?”

“నేనే అనుకున్నాను సార్.”

ఎందుకలా అన్నానో నాకు తెలుసు. జంపఖానాలు నేసే ఆయన చెప్పాడంటే కమిటీ నవ్వుతుందని భయం. ఇంటికెళితే బాపు అడగనే అడిగాడు: “నా మాట మీ సారుకు చెప్పినవా?” చెప్పానన్నాను. సారు మస్తు సంబురపడ్డారని కూడా కలిపాను. ఆయన ఆ సంగతి అమ్మకు చెప్పుకున్నాడు, పక్కింటి మగ్గం వాళ్ళకూ చెప్పుకున్నాడు.

మూడో రోజు ఉతికిన ధోతి కట్టుకుని కాలేజీకే వచ్చేశాడు. చెప్పులు ల్యాబ్ బయట విడిచి గుమ్మంలో నిలబడ్డాడు. “సారుకొక్కసారి దండం పెట్టుకొని పోత” అన్నాడు.

“ఎవరమ్మా?” అన్నారు సారు.

కమిటీకి ఇంకా నాలుగు రోజులుంది. నిజం చెబితే సారు దగ్గర నా పరువు పోతుంది. చెప్పకపోతే బాపు పరువు ఆయన కళ్ళముందే పోతుంది.

“మా బాపు సార్. జంపఖానాలు నేస్తాడు. బిళ్ళ వదులుగా ఉండాలన్నది ఈయనే. నేను మీకు అబద్ధం చెప్పాను.”

బాపు నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. మరుక్షణమే సారు వైపు తిరిగి చేతులు జోడించాడు. “పిల్ల యాది మరిచినట్టున్నది సారూ. చదువుల పడి గట్లయితది.”

సారు లేచి తన స్టూలు బాపు ముందుకు జరిపారు. “కూర్చోండి” అన్నారు. నాతో మాత్రం, “కమిటీ ముందు ఈ సంగతి నీ నోటితోనే చెప్పాలి” అన్నారు. బాపు స్టూలు అంచున కూర్చున్నాడు. సారు కొత్తగా వదులుగా ఒత్తిన బిళ్ళ ఒకటి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టారు.

“ఇది ఇంకా ఎంత వదులు కావచ్చంటారు?”

బాపు దాన్ని బొటనవేలితో రుద్దాడు. వేలికి అంటిన పొడిని చాలాసేపు చూసుకున్నాడు. “ఇగ సాలు సారూ. ఇంతకన్న వదులైతే పోగు నిలువది.”

సారు పెన్ను మూత తీశారు. “ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను.”