మోకిల నుంచి వచ్చిన మంచం

తప్పు నాది. ఎంకపల్లిలో మా చిన్నమ్మ నిర్మలమ్మ నడిపే ముసలమ్మల ఇంటి అడ్రసును ఇంటర్నెట్‌లో పెట్టింది నేనే. పాత సామాను ఎవరికివ్వాలా అని వెతికేవాళ్లకు కనిపించాలని, ‘ఏదైనా తీసుకుంటాం’ అని కూడా రాశాను. అది చదివి చిన్నమ్మ నా మీద ఇంతెత్తున లేచింది.

“ఏదైనా అంటే ఏంది షారోన్? మనది చెత్తకుండీనా?”

ఆమె కోపానికి కారణం ఉంది. చేవెళ్ల దవాఖానలో ముప్పయ్యేళ్లు ఆయాగా పనిచేసి, ఇప్పుడు దిక్కులేని పదకొండు మందిని సాకుతోంది. ఎవరో విరిగిన కాలును జిగురుతో అంటించి దానమిచ్చిన కుర్చీ వాళ్లలో ఒకరైన మైసమ్మవ్వను కింద పడేసింది. తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచి చిన్నమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఏది తెచ్చినా మా ముందే వాడి చూపించాలి. కుర్చీ తెస్తే కూర్చోవాలి, పరుపు తెస్తే పడుకోవాలి, గ్లాసు తెస్తే అందులో నీళ్లు తాగాలి.

మైసమ్మవ్వకు ఆపరేషన్ అయింది. ఎత్తయిన మంచం మీద కూర్చుని రోజూ కాళ్లు కిందికి పెడుతుంటేనే మళ్లీ నడుస్తుందన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఉన్నవన్నీ పొట్టి నులక మంచాలు.

సరిగ్గా అప్పుడే మోకిల విల్లాల నుంచి డీసీఎం వ్యాను నిండా సామాను వచ్చింది. అన్నిటికన్నా పైన ఒక టేకు మంచం, మాకు కావలసినంత ఎత్తుది. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల అసోసియేషన్ సెక్రటరీ ప్రభాకర్ బండికి బ్యానర్ కట్టించి, ఫొటో కోసం మా అవ్వలను వరుసగా నిలబెట్టమన్నాడు. చిన్నమ్మ బండిలోకి తొంగి చూసింది. మరకల పరుపులు, మూతల్లేని మిక్సీలు, జిప్పు తెగిన సూట్‌కేసులు.

“సార్, జర ఆ పరుపు మీద పండుకోండ్రి.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“మేం గిట్లనే తీసుకుంటం సార్. ముందుగాల మీరు పండుకుంటే, తర్వాత మా అవ్వలు పండుకుంటరు. లేకుంటే ఆ మంచమొక్కటే దించుండ్రి.”

“చూడమ్మా, తీసుకుంటే మొత్తం తీసుకోండి. ఒక్క మంచం దించడానికి ఇంత దూరం రాలేదు మేము.”

నేను ఆమె కొంగు పట్టి లాగాను. “మంచం కోసమన్న ఒప్పుకో చిన్నమ్మా. మిగిలింది తర్వాత పారేద్దం.”

లోపల నేల మీద పడుకున్న మైసమ్మవ్వ అక్కడి నుంచే కేకేసింది. “పంపియ్యి నిర్మలా. నేను కిందనే పండుకుంట.”

బండి వెళ్లిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “పరువు పట్టుకొని అవ్వ నడుస్తదా?” అని అడిగేశాను. చిన్నమ్మ నా ఫోను తెమ్మంది. అడ్రసు కింద నా పాత మాట తీయించి, కొత్తది రాయించింది: ‘ఎత్తు మంచం కావాలి. తెచ్చినవాళ్లు ముందు పడుకొని చూపించాలి.’

నాలుగోరోజు పొద్దున ట్రాలీ ఆటోలో అదే టేకు మంచం వచ్చింది. వెంట మమత అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి. మంచం వాళ్లదేనట. అది విల్లాలకు ఎందుకు తిరిగొచ్చిందని తను అడిగితే సెక్రటరీ మా పద్ధతిని వేళాకోళంగా చెప్పాడట. ఆ పద్ధతిలో తప్పేముందో తనకు అర్థం కాలేదంది.

మేం అడగకముందే చెప్పులు విడిచి, ఆఫీసు బట్టల్లోనే, వాకిట్లో అందరూ చూస్తుండగా మంచం మీద వెల్లకిలా పడుకుంది. అటూ ఇటూ పొర్లి చూపించింది కూడా.

మైసమ్మవ్వను చిన్నమ్మా నేనూ చెరో పక్క పట్టుకొని బయటికి తెచ్చాం. అవ్వ మంచాన్ని పైనుంచి కింది దాకా చూసింది.

“ఇగ లే బిడ్డా,” అంది. “అది నాది.”