లోపల మందపు గుడ్డ వేసిన ప్యాంటు

మగవాళ్ళ ప్యాంట్లు తప్ప మరొకటి కుట్టడు కాబట్టి ఆయన్ని అందరూ ప్యాంట్ల మాస్టారు అంటారు. ఎవరి నడుముకైనా టేపు చుట్టాడంటే నోరు ఊరుకోదు. "ఏం బాబాయ్, మళ్ళీ పెరిగావు! పిన్ని వాటా కూడా నువ్వే లాగించేస్తున్నావా?" కొలతలిచ్చేవాడు సిగ్గుపడాలి గానీ తీసుకునేవాడికేం? అరవై దాటేదాకా ఆయన ధీమా అదే.

దుకాణంలో ముందు కత్తిరింపు బల్ల, పక్కన మిషను. మిషనుకు వెనకగా, గోడవారన, ఆయన భార్య. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం ఆమె వంతు. ఆయన కుట్టడం అవగానే తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపితే చాలు, ఆమె అందుకుంటుంది. పెళ్ళయిన నాటినుంచి ఇదే వరస.

ఆయన మాటిమాటికీ మిషను దిగి దొడ్డివైపు పరిగెత్తడం చూసి ఏమైందని ఆమె అడిగింది. "రాయి. మూత్రంలో రాయి" అనేశాడు. ఆ వెర్రి ఇల్లాలు నమ్మి, చెంబులకు చెంబులు నీళ్ళు తాగించసాగింది. అసలే ఆగని మనిషికి అదో శిక్ష.

రాయీ లేదు, రప్పా లేదు. ముక్క తీసి పరీక్ష చేసిన డాక్టరు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందన్నాడు. "గ్రంథి దాటలేదు. కానీ చూద్దాంలే అని వదిలేసే రకం కాదు. ఈసారి మీ భార్యని తీసుకురండి. ఏ వైద్యమో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి."

మాస్టారు భార్యకు బదులు బావమరిదిని తీసుకెళ్ళాడు. లారీ నడిపే మనిషి, ఇద్దరి మధ్యా బూతు లేనిదే మాట ఉండదు. వాడి ముందు సిగ్గేమిటి అనుకున్నాడు.

డాక్టరు నిదానంగా చెప్పాడు. ఆపరేషనైతే గ్రంథి మొత్తం తీసేస్తారు. తర్వాత కొన్నాళ్ళు మూత్రం ఆగదు, ప్యాడ్ పెట్టుకోవాలి. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. మగతనం కూడా దెబ్బతినొచ్చు. రేడియేషనైతే కోత లేదు గానీ వారాల తరబడి రోజూ రావాలి. దానికి తోడు కొన్ని నెలలు ఇంజక్షన్లు. వాటితో కోరిక చచ్చిపోతుంది, ఒంట్లో సెగలొస్తాయి, నీరసం. విరేచనాలతో ఇబ్బందీ ఉండొచ్చు.

"మీ విషయంలో ఫలితం రెండిటికీ దాదాపు ఒకటే. అందుకే అడుగుతున్నా. ఇప్పుడు మీ ఇద్దరి మధ్యా పడక సంగతి ఎలా ఉంది?"

లోకంలో దేనిమీదైనా జోకేసే బావమరిది దిగ్గున లేచాడు. "బావా, నేను బయటుంటా. ఎంతైనా అది మా అక్క."

డాక్టరు కళ్ళజోడు తీసి మాస్టారు వైపు చూశాడు. మాస్టారి చెవులు ఇస్త్రీపెట్టెల్లా కాలిపోయాయి. "అంతా బాగానే ఉందండీ" అని అబద్ధమాడి బయటపడ్డాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏది మంచిదని కాదు, ఏది దాచొచ్చని. రోజూ ఆసుపత్రికెళ్తే ఆమెకు తెలిసిపోతుంది. ఆపరేషనైతే రాయి తీశారని చెప్పొచ్చు. తర్వాత తడి బయటికి కనపడకుండా చూసుకోవాలి, అంతేగా! మర్నాడే తన కొలతకు నల్ల గుడ్డ కత్తిరించాడు. తొడల మధ్య మందపు గుడ్డ రెండు పొరలు వేసి చక్కగా కుట్టాడు. పని నచ్చింది. నచ్చిన పనిలో ఒళ్ళు మరిచి, తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపాడు.

ఆమె అందుకుంది.

చేసింది తెలిసేసరికి వెనక సూది ఆగిపోయింది.

"ఈ నడుము మీది. రాయి ఉన్నవాడికి లోపల ఇంత గుడ్డ దేనికండీ?"

మాస్టారు ఉత్త మిషను తొక్కుతూ, గోడకేసి చూస్తూ మొత్తం చెప్పాడు. ఆమె అడ్డు రాలేదు. చివర్లో ఒకటే అడిగింది.

"మా తమ్ముడికి తెలుసా?"

"తెలుసు."

"పక్కన పడుకునేదాన్ని నేను, చెప్పింది వాడికా? మాయదారి సిగ్గు! కాన్పులప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు గుడ్డల్లేకుండా పడున్నాను. నా సిగ్గు గురించి ఎవరైనా అడిగారా? మీరేమో బయట టీ తాగుతున్నారు."

ఆయన కాలు ఆగింది. నిజమే, తాగుతున్నాడు.

"తడిసిన ప్యాంటుతో నీ ముందు కూర్చోలేనే" అన్నాడు.

"అయితే ఆపరేషన్ ఎందుకంటున్నారు?"

అదైతే నీకు తెలియకుండా దాచొచ్చని, అనలేక ఆయన మిషను మీది దారం కొసలు ఏరసాగాడు.

తర్వాతి సారి ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు మళ్ళీ అదే అడిగాడు. మాస్టారు భార్య వైపు చూశాడు, ఆదుకుంటుందేమోనని. ఆమె తల వంచుకుని కొంగు అంచు నలుపుతోంది. దుకాణంలో అంత ధాటిగా మాట్లాడిన మనిషి చెవులూ ఎర్రబడ్డాయి.

"ఏడాదిగా ఏమీ లేదండీ" అన్నాడు మాస్టారు. "నావల్లే. తనకి నిద్రొస్తోందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి."

ఆమె తలెత్తలేదు. "నిద్రపోయేదాన్ని కాదు" అంది, నేలతో చెప్తున్నట్టు.

మాస్టారికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. మింగలేదు. డాక్టరు ఎదురుచూస్తున్నాడు.

"రేడియేషనే పెట్టండి" అన్నాడు చివరికి. "రోజూ వస్తాం. దుకాణం ఎందుకు మూశారని ఎవరైనా అడిగితే..."

అక్కడ ఆగిపోయాడు. ఏం చెప్పాలో ఇంకా తెలియదు. రాయి అని మాత్రం చెప్పడు.