కారు తలుపులకు కన్నాలెందుకు?

కన్నకూతురి పెళ్లిసంబంధాన్ని ఎవడైనా కారు తలుపుతో ముంచుకుంటాడా? నేను ముంచినంత పని చేశాను, వినండి.

కరోనా సద్దుమణిగిన కొత్తలో, అబుదాబిలో కారుకి కొత్త స్పీకర్లు పెట్టించాను. బయట పల్లకి మోత, లోపల రేకుల మోత! పాట పెడితే చాలు, తలుపులు డబడబా అదిరేవి. రేకు అదరకుండా లోపల నల్ల రబ్బరు షీట్లు అతికించాలని ఏదో వీడియోలో చూసి, నేనే తలుపులు విప్పాను. అడుగున చిన్న కన్నాలున్నాయి.

"ఇవెందుకండీ?" అంది మా ఆవిడ.

"అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్లు పోవడానికి. ఈ ఎడారిలో వానేమిటే, కంపెనీవాడి చాదస్తం కాకపోతే!" అని వాటినీ మూసేశాను.

ఇక ఆ శబ్దం చూడాలి! దారిన పోయే ఒంటెలు ఆగి తలలూపాయి. సరే, ఒంటెలు లేవు. పార్కింగులో ఒక పిల్లి చెవులు రిక్కించింది.

మా అమ్మాయి స్వాతి, షార్జాలో ఉండే కిరణ్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కిరణ్ తండ్రి వెంకట్రావుగారే ఇంకా ఊఁ అనలేదు. మా ఇల్లు చూడ్డానికి వస్తామంటే, తీసుకురావడానికి నేనే షార్జాలో వాళ్లుండే రోలాకి బయల్దేరాను.

"నాన్నా, ఆయన ఊఁ అనేదాకా ఆ స్పీకర్ల గొప్పలు ఎత్తకు. నీకు దణ్ణం పెడతా."

"ఛ! నేనెందుకు ఎత్తుతానే?"

ఆరోజే వాన! దారి పొడవునా కుమ్మరించింది. రోలాలో వెంకట్రావుగారు ముందు, కిరణ్ వెనక కూర్చున్నారు. వీధి మలుపు తిరిగామో లేదో, నా నోరు ఆగలేదు.

"ఈ పాట వినండి. ఎలా ఉంది?"

"లోపలేదో గలగలమంటోందండీ."

"అదేనండీ స్పష్టత! గాయకుడు గుటక వేసినా వినిపిస్తుంది."

సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. స్పీకర్లలోంచి కృష్ణా గేట్లెత్తినట్టు నీళ్లు! ఒట్టు... సరే, తలుపుకో చెంబెడు.

"అంకుల్, నా సాక్సులు!" అని కిరణ్ కేక.

వెంకట్రావుగారి బూట్లూ తడిసి ముద్దయ్యాయి. స్వాతి ముఖం నా కళ్లముందు మెదిలింది.

"కన్నాలు నేనే మూశానండీ," అన్నాను నీళ్లు నములుతూ.

ఆయన తన కాళ్లు చూసుకున్నారు. వెనక్కి తిరిగి కొడుకు కాళ్లు చూశారు. సీటు ఊగేలా నవ్వారు.

"మీ ఆత్రం బంగారం గానూ! పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి పీటలదాకా ఆగలేకపోయారా, బావగారూ?"

బావగారూ! ఇంకొకరైతే అక్కడే దిగి టాక్సీ పిలిచేవారు. ఆ మహానుభావుడికి ఇప్పటికీ రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

అందుకే అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కూతుర్ని అత్తవారింటికి పంపాల్సిన తండ్రిగా ఉన్నంతకాలం ఇక కారు తలుపు విప్పను. స్వాతి పెళ్లయిపోయింది, నాకు రెండో కూతురు లేదు కనుక, ఈ ప్రమాణం తప్పే భయమేమీ లేదు.