ప్లాట్‌ఫారం మీద మీసం లేని మనిషి

నెల్లూరు బస్టాండులో అల్లూరు బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టి, "మీ డ్రాయింగు మాస్టారు పోయినారు సార్, నిన్న పొద్దున" అన్నాడు. నేను మొదట అన్న మాట సిగ్గు విడిచి చెబుతున్నాను. "అయితే నా మీసం సంగతేంది?" అన్నాను. కండక్టరు నన్ను జాలిగా చూశాడు. మీరూ అలాగే చూస్తారు గనక, మొదటినుంచీ చెబుతాను.

పదేళ్ళ కిందట మా బడి అల్లూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో ఉండేది. నేను లెక్కలు చెప్పేవాణ్ణి, ఆయన బొమ్మలు నేర్పేవారు. వయసులో నాకంటే చాలా పెద్ద. ఎన్నడూ మద్రాసు దాటని మనిషిని అట్ట ఊడిన ఒక పాత బొమ్మల పత్రిక పాడు చేసింది. అందులో మాస్కోలో భూమి కింద కట్టిన రైలు స్టేషన్లున్నాయి. పాలరాతి స్తంభాలు, దీపాల గుత్తులు, వాటంతట అవే కదిలే మెట్లు. ఇక అప్పటినుంచీ ఆయనకు వేరే లోకం లేదు. హోటల్లో దోసె వచ్చేలోగా బల్లమీద వేలితో, నీళ్ళతో స్టేషను గీసేవారు. సర్వరు తుడిచేస్తే మళ్ళీ గీసేవారు.

"లండన్లో మొదట ఏం చేసినారో తెలుసా అబ్బయా? వీధిని నిలువునా కోసి, లోపల ఇటికెలతో సొరంగం కట్టి, మళ్ళా పైన కప్పేసినారు. దాంట్లో పొగబండిని తోలినారు."

"మరి పొగో?"

"దగ్గినారు" అనేవారు, తానూ అందులో ఎక్కి దిగినట్టు.

నది అడుగున సొరంగం తవ్వే ఉపాయం, ఓడ చెక్కను తొలిచే పురుగును చూసి ఒక ఇంజనీరుకు తట్టిందని ఆయన ఎక్కడో చదివారు. ఆ ముక్క చేపలు పట్టే పాళెం పెద్దాయనకు చెబితే, తన నావను తినేసింది ఆ పురుగేనని ఆయన దాన్ని అరగంట తిట్టిపోశాడు. మాస్టారు మాత్రం తూట్లు పడ్డ చెక్క ఒకటి అడిగి తెచ్చుకుని క్లాసులో తగిలించారు. స్టేషను డిజైను గురించి ఆయన చెప్పేది ఒకటే మాట. "దిగే మనిషికి భయం పుట్టకూడదు. అంతే."

ఆ ఏడు పైఅధికారి తనిఖీకి వస్తున్నారనీ, డ్రాయింగు పోస్టు ఉంచాలో తీసేయాలో ఆయనే తేలుస్తారనీ హెడ్మాస్టారు చెప్పారు. పోస్టు పోతే మాస్టారికి వేరే బతుకుతెరువు లేదు. చుట్టుపక్కల ఏ బళ్ళోనూ బొమ్మల పోస్టే లేదు.

"భూగర్భ స్టేషను కట్టి చూపిస్తా" అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "నడుం లోతు తవ్వితే నీళ్ళొచ్చే ఇసకలో స్టేషనా? అది నిలిస్తే నా మీసం తీయించుకుంటా" అన్నాను. నా మీసం అంటే నాకు మహా గర్వం. ఆయన జేబులోంచి టేపు తీసి దాన్ని కొలుచుకున్నారు.

బడి వెనక గొయ్యి తవ్వుతుంటే గట్లు కూలిపోతూ వచ్చాయి. పాళెం పెద్దాయన తన పాడుబడ్డ నావ చెక్కలన్నీ తెచ్చి గోడలకు దన్ను పెట్టించాడు. ఒక పక్క ఇటికె మెట్లు, కింద ప్లాట్‌ఫారం, రేకు రైలు, మూడు భాషల్లో ఊరి పేరుతో బోర్డు. చెక్కల మీద, నావలకు పూసే రంగుతో, బండి కోసం కాచుకున్న జనాన్ని గీశారు. హెడ్మాస్టారు, పెద్దాయన, నేను. నాకు మాత్రం మీసం లేదు.

"ఇదేంది మాస్టారూ?"

"స్టేషను నిలుస్తది గదా" అన్నారు, కుంచె కడుక్కుంటూ.

తనిఖీ రోజు పొద్దున చూస్తే ప్లాట్‌ఫారం మునిగి ఉంది. రేకు రైలు తేలుతోంది. మాస్టారు పై మెట్టు మీద కూర్చుని, "నువ్వే గెలిచినావు అబ్బయా" అన్నారు. ఆ గెలుపు నాకు వద్దనిపించింది. పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

అప్పుడు పెద్దాయన దిగి, దోసిలితో నీళ్ళు తీసుకుని పుక్కిలించాడు. మళ్ళీ తీసుకుని తాగాడు. "సామీ, ఇయ్యి తియ్యనీళ్ళు" అన్నాడు.

మా బడి బావి నీళ్ళు ఉప్పు కషాయం. పిల్లలు ఇళ్ళనుంచి చెంబుల్లో తెచ్చుకుని మధ్యాహ్నానికే ఖాళీ చేసేవారు. అధికారి జీపు దిగేసరికి ఎండ మండుతోంది. ఆయన రెండు గ్లాసులు గటగటా తాగి, "మంచి నీళ్ళు. ఎక్కడివి?" అన్నారు.

"స్టేషనువండీ" అన్నారు హెడ్మాస్టారు నోరు జారి.

అధికారిని అక్కడికి తీసుకెళ్ళక తప్పలేదు. మాస్టారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి డిజైను అంతా వివరించారు. "పెద్ద ఊళ్ళలో నీళ్ళు తోడే పంపులు ఉంటయ్ సార్. మాకింకా రాలేదు" అన్నారు.

ఇలాంటి పనికొచ్చే టీచరు ఉండి తీరాలని అధికారి రాశారు. పోస్టు నిలిచింది. మేమంతా సంబరపడుతుంటే మాస్టారు ఆ కాగితం మూడుసార్లు చదివి, "దిగుడుబావి అని రాసినాడే. స్టేషను గురించి ఒక్క ముక్క లేదు" అని వారం రోజులు ముభావంగా తిరిగారు.

ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు బిందె చంకనెత్తుకుని "స్టేషనుకు పోయొస్తా" అనడం మామూలైంది. మాస్టారు ప్రతి ఆదివారం కొబ్బరిపీచుతో మెట్ల మీది పాచి గీకేవారు. నేను నెల్లూరుకు బదిలీ అయ్యేదాకా, నిలిచింది బావే గాని స్టేషను కాదని వాదిస్తూనే ఉన్నాను. ఆయన ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. బడి బోర్డు మీద నా బొమ్మ వేయాల్సి వచ్చినప్పుడల్లా మీసం మాత్రం వేసేవారు కాదు.

అదే బస్సెక్కి వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది. ఆయనకు స్టేషను నీళ్ళతోనే స్నానం చేయించామని పెద్దాయన చెప్పాడు. నేను నేరుగా మంగలి దగ్గరికి పోయి మీసం చూపించాను.

"ఎవరు పోయినారు సామీ, మీ నాయనా?"

"మా డ్రాయింగు మాస్టారు" అన్నాను. అతను కత్తి నూరుకున్నాడు.

అక్కడినుంచి స్టేషనుకు నడిచాను. మెట్ల మీద పాచి లేదు. పోయిన ఆదివారం కూడా గీకినట్టున్నారు. చెక్కల మీద హెడ్మాస్టారు చెరిగిపోయారు, పెద్దాయనకు తలపాగా ఒకటే మిగిలింది. నేను మాత్రం బండి కోసం చూస్తూ అలాగే ఉన్నాను. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి బిందె ముంచుతున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. చెక్క మీది బొమ్మను చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఇన్నాళ్ళకొచ్చినావా అన్నా" అని, నాకు చోటిస్తూ ప్లాట్‌ఫారం మీద కొంచెం పక్కకు జరిగింది.